గ్రాట్స్ వారితో చుట్టరికం

గుండ్లవేలూరు పురపాలక సంఘం ఛైర్మన్ ఉప్పలపాటి ఫణిభూషణం గారినీ, కమిషనర్ నీలకంఠేశ్వర్ గారినీ మురుగుకాల్వల మీద అధ్యయనం చేసి రమ్మని ఆస్ట్రియా దేశానికి పంపించారు. గ్రాట్స్ అనే పాత నగరంలో ఇద్దరూ కాళ్ళు పీకేదాకా తిరిగారు. ఒక్క మురుగుకాల్వ కంటబడలేదు. అన్నీ భూమి లోపలే ఉన్నాయట. కింద చూడ్డానికి ఏమీ లేకపోయేసరికి తలలెత్తి పైకి చూశారు. గుండ్లవేలూరి కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

పైన ఎర్రటి పెంకుల కప్పులు ఏటవాలుగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఊరి నడిమధ్య ఒక కొండ. కొండమీద ఎంతో పాత గడియారస్తంభం.

"మనకూ కొండ ఉంది కదండీ," అన్నారు ఛైర్మన్.

"ఉంది సార్. బోడికొండ," అన్నారు కమిషనర్.

"వాళ్ళకి నది ఉంది. మనకూ వాగుంది."

"అది ఎండిపోయి చాలా కాలమైంది సార్."

"ఎండితే మాత్రం వాగు వాగు కాకుండా పోతుందా?"

తిరిగొచ్చిన వారంలోనే కౌన్సిల్ సమావేశమై గ్రాట్స్ నగరాన్ని గుండ్లవేలూరుకి సోదర నగరంగా ఏకగ్రీవంగా ప్రకటించింది. ఈ సంగతి గ్రాట్స్ వారికి తెలియజేయలేదు. ఒక సభ్యుడు లేచి అటువాళ్ళ అంగీకారం అక్కర్లేదా అని అడిగితే, అన్నదమ్ముల మధ్య అంగీకారాలేమిటని ఛైర్మన్ కోప్పడ్డారు. సోదరులన్నాక పోలిక ఉండాలి కాబట్టి టౌన్ ప్లానింగ్ అధికారి జ్ఞానప్రకాశం గారు అక్కడికక్కడే 'సాదృశ్య సూత్రం' అనేదాన్ని రూపొందించారు. గ్రాట్స్‌లో ఉన్నది గుండ్లవేలూరులో ఉండవలెను. గ్రాట్స్‌లో లేనిది గుండ్లవేలూరులో ఉండరాదు.

జ్ఞానప్రకాశం గారు గ్రాట్స్ చూడలేదు. ఆయనకు ఛైర్మన్ గారు ఒక రంగుల బొమ్మల పుస్తకం తెచ్చి ఇచ్చారు. ఆ రోజు నుంచి ఆయన దాన్ని చంకలో పెట్టుకునే ఊరంతా తిరిగేవారు.

బోడికొండ కింద, మిర్చి యార్డుకు పోయే దారిలో, సౌభాగ్యమ్మ మెస్ ఉంది. సౌభాగ్యమ్మ వండేది, ఆమె భర్త కోటిలింగం వడ్డించేవాడు. యార్డు హమాలీలూ, ఎక్కడెక్కడి నుంచో వచ్చే లారీ డ్రైవర్లూ అక్కడే తినేవాళ్ళు. పేరుకి మెస్సే గాని రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, ఆరని పొయ్యి. సౌభాగ్యమ్మ కోపం, చారు ఘాటు రెండూ ఆ చుట్టుపక్కల పేరుపడ్డవే.

ఒకరోజు జ్ఞానప్రకాశం గారు వచ్చి గుమ్మంలో నిలబడి రేకుల వంకా బొమ్మల పుస్తకం వంకా మార్చి మార్చి చూశారు.

"ఏమ్మా, ఈ కప్పు చదునుగా ఉంది."

"షెడ్డు కదయ్యా, చదునుగానే ఉంటది."

"అక్కడ కప్పులన్నీ నిటారు వాలు. మంచు పడితే జారిపోవాలి. నెలలోగా నువ్వు కూడా ఎర్ర పెంకులతో ఏటవాలు కప్పు వేయించి, మంచు ఒక్కసారిగా బాటసారుల నెత్తిన పడకుండా అంచుకి ఇనప కమ్మీ బిగించాలి."

సౌభాగ్యమ్మ గరిటె పక్కన పెట్టింది. రోహిణి కార్తె. బయట కుక్కలు నాలుకలు వేలాడేసుకుని లారీల కింద పడుకుని ఉన్నాయి.

"మన ఊళ్ళో మంచు ఎప్పుడు పడిందయ్యా?"

"ఇంతవరకూ పడలేదన్నది నిజమే. పడలేదు కాబట్టి పడదనుకోవడం శాస్త్రీయ దృక్పథం కాదమ్మా. ముందుజాగ్రత్త పాలనకి ప్రాణం."

ఊరంతా ఏటవాలు కప్పులు లేచాయి. సౌభాగ్యమ్మ దంపతులు కూల్చేసిన పాత ఇళ్ళ పెంకులు, తాటి దూలాలు ఏరి తెచ్చుకుని ఎలాగో కప్పు నిలబెట్టారు. మంచు పడలేదు. కోతులు మాత్రం చాలా సంతోషించాయి. అవి కప్పు కొసన కూర్చుని సర్రున జారి, ఇనప కమ్మీ దగ్గర ఆగి, మళ్ళీ పైకెక్కేవి. కమ్మీల వల్ల బాటసారుల నెత్తిన కోతులు పడకుండా ఉన్నాయని పురపాలక సంఘం వార్షిక నివేదికలో రాసుకుంది.

తరవాత బోడికొండ మీద గడియారస్తంభం లేచింది. అది పూర్తయినరోజు ముళ్ళు బిగించిన కాంట్రాక్టరుకి సన్మానం చెయ్యాల్సింది పోయి తాఖీదు ఇచ్చారు. ఎందుకంటే గ్రాట్స్ గడియారంలో పెద్దముల్లు గంటలు చూపిస్తుంది, చిన్నముల్లు నిమిషాలు చూపిస్తుంది. పూర్వం ఆ గడియారానికి గంటల ముల్లు ఒక్కటే ఉండేదట. కొండ కింద నుంచి అందరికీ కనబడాలని దాన్ని పెద్దదిగా చేశారు. నిమిషాల ముల్లు తర్వాతెప్పుడో వచ్చింది కాబట్టి అది చిన్నదైంది. వాళ్ళకు అలవాటైపోయింది, ఏ ఇబ్బందీ లేదు. గుండ్లవేలూరు కాంట్రాక్టరు మాత్రం తెలివి తక్కువగా అందరి గడియారాల్లాగే బిగించాడు.

ముళ్ళు తారుమారు చేయించి కమిషనర్ గారు ఆదేశం జారీ చేశారు. ఆ రోజు నుంచి ఊళ్ళోని కార్యాలయాలు, బడులు, ఆస్పత్రుల గడియారాలన్నీ ఆ పద్ధతిలోనే ఉండాలి. ఇక చూడాలి. మధ్యాహ్నం రెండింటికి గడియారం చూస్తే పన్నెండూ పదిలా కనబడేది. పొరుగూరి లారీ డ్రైవర్లు ఇంకా వేళ కాలేదనుకుని చెట్టు కింద పడుకునేవాళ్ళు. లేచి వచ్చేసరికి సౌభాగ్యమ్మ గిన్నెలు బోర్లిస్తూ ఉండేది. ఆసుపత్రిలో మాత్ర వేసుకోవాల్సిన వేళ నర్సుకీ రోగికీ ఎప్పుడూ తగాదాయే. బళ్ళో ఇంటిగంట కోసం పిల్లలు ఒక ముల్లునీ, మాస్టార్లు ఇంకో ముల్లునీ నమ్ముకున్నారు. పురపాలక సిబ్బంది మాత్రం ఏ ఇబ్బందీ పడలేదు. వాళ్ళు పొద్దున కొత్త పద్ధతి ప్రకారం వచ్చి, సాయంత్రం పాత పద్ధతి ప్రకారం వెళ్ళిపోయేవాళ్ళు.

గ్రాట్స్ కొండమీద గంటస్తంభం కూడా ఉంది. దానికి నిధులు చాలలేదు. బోడికొండ మీద ఊరికంతటికీ నీళ్ళిచ్చే ట్యాంకు ఉంటే, బడి గంట ఒకటి తెచ్చి దానికి వేలాడదీసి, దాని పేరు గంటస్తంభమని రాయించారు. నీళ్ళు మాత్రం ఎప్పటిలా ఇవ్వాలని దానికి ప్రత్యేక మినహాయింపు ఇచ్చారు.

సౌభాగ్యమ్మ ఇవన్నీ ఓర్చుకుంది. కాని ఒక రోజు పురపాలక సిబ్బంది తలుపుకి అంటించిపోయిన కాగితాన్ని కోటిలింగం చించుకొచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఏంది సౌభాగ్యం ఇది? మన మెస్సు తీసెయ్యాలంట!"

బొమ్మల పుస్తకంలో కొండ అడుగున చెట్లున్నాయి, మెట్లున్నాయి. మెస్ లేదు. సాదృశ్య సూత్రం ప్రకారం కొండ ప్రాంతంలో ఉండరాని కట్టడంగా సౌభాగ్యమ్మ మెస్‌ని గుర్తించి తొలగింపు జాబితాలో చేర్చారు.

ఆమె చీర కొంగు బిగించి పురపాలక కార్యాలయానికి బయల్దేరింది.

అక్కడ కొత్త మెట్లు కట్టారు. గ్రాట్స్ పాత రాజభవనంలో రెండు రాతి మెట్లవరసలు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పైకెళ్తాయట. విడిపోయి మళ్ళీ కలుస్తూ, అంతస్తు అంతస్తుకీ పలకరించుకుంటూ ఉంటాయట. చూసినవాళ్ళు ఆ శిల్పుల పనితనానికి ముక్కున వేలేసుకుంటారు. గుండ్లవేలూరులో కూడా అలాగే రెండు వరసలు కట్టారు. కాని చివర్లో బిల్లు తగ్గించమన్నందుకు కాంట్రాక్టరు రెండూ కలిసే చోట్లని తగ్గించేశాడు. ఒక వరసలో జనం ఎక్కుతారు, ఇంకో వరసలో అధికారులు దిగిపోతారు. ఆ మెట్లు కట్టాక పురపాలక సంఘానికి ఫిర్యాదులు బాగా తగ్గాయి.

సౌభాగ్యమ్మ ఎక్కుతుంటే మధ్య గోడ అవతల చెప్పుల చప్పుడు వినబడింది.

"ఎవరది? జ్ఞానప్రకాశం గారేనా?"

"నేనేనమ్మా. ఎవరు?"

"సౌభాగ్యమ్మని. అయ్యా, మా మెస్సు..."

"అది నియమానుసారం జరిగిన ప్రక్రియ. పైకి రా, మాట్లాడుకుందాం."

"పైకే వస్తన్నా. మీరు దిగిపోతన్నారు కదా!"

"అలాగా? అయితే నేనూ పైకొస్తాను."

ఆమె పైకి చేరి, అటు పోవడానికి దారి లేక, ఆయన కింద ఉన్నారేమోనని దిగింది. ఆయన పైకెక్కి, ఆమె కింద ఉందేమోనని దిగారు. మధ్యాహ్నం దాకా ఇద్దరి గొంతులూ గోడకి ఇటూ అటూ తిరిగాయి. చివరికి ఆమె కింది మెట్టు మీద కూలబడింది. ఆ మెస్సు పెట్టిన కొత్తల్లో రాళ్ళ పొయ్యి మీద మొదటి గంజి వార్చిన రోజు గుర్తొచ్చింది. గోడ అవతల నుంచి ఆయన కూడా వగరుస్తూ, "అమ్మా, నీ బాధ నాకు అర్థమైంది. కాని పుస్తకంలో నీ మెస్సు లేదు. నేనేం చెయ్యను?" అన్నారు. ఆ మాటలో జాలే ఉంది. అందుకే ఆమెకి మరింత భయమేసింది.

ఇంతలో కమిషనర్ గారికి ఇంకో ఆలోచన వచ్చింది. కట్టడాలు కుదిరాయి సరే, చరిత్ర ఏది? చరిత్ర లేని కట్టడం పుట్టిన తేదీ లేని మనిషి లాంటిది. వారసత్వ నగరం కావాలంటే గ్రాట్స్‌కి జరిగినవన్నీ గుండ్లవేలూరుకీ జరగాలి. 'చారిత్రక సంఘటనల పునర్నిర్వహణ పథకం' అలా పుట్టింది. ఛైర్మన్ గారు ప్రతిపాదించగా కౌన్సిల్ దాన్నీ ఏకగ్రీవంగా ఆమోదించింది.

గ్రాట్స్ కొండమీద ఒక కోట ఉండేది. నెపోలియన్ కాలంలో ఫ్రెంచి సైన్యం దాన్ని ముట్టడించి గెలవలేకపోయింది. ఆనక సంధి రాసుకున్నప్పుడు మాత్రం ఆ కోటని పడగొట్టాలని రాయించింది. అంతా పడగొడుతుంటే ఊరి జనం డబ్బు పోగుచేసి గడియారస్తంభాన్నీ గంటస్తంభాన్నీ విడిపించుకున్నారు. అందుకే అవి ఇప్పటికీ ఉన్నాయి.

ఈ ప్రకారం ముందు పడగొట్టడానికి ఒక కోట కావాలి. కోట కట్టే పనీ, కూల్చే పనీ ఒకే కాంట్రాక్టరుకి దక్కాయి. కొన్నాళ్ళకి తనిఖీ చెయ్యడానికి కమిషనర్ గారు కొండెక్కారు. అక్కడ కోట లేదు.

"కోట ఏదయ్యా?"

"కూల్చేశాం కదండీ," అన్నాడు కాంట్రాక్టరు.

కమిషనర్ గారు నలుమూలలా చూశారు. ఎక్కడా ఒక్క రాయి మిగల్లేదు. పని ఇంత శుభ్రంగా చేసినవాణ్ణి తన సర్వీసులో చూడలేదని మెచ్చుకుని రెండు బిల్లులూ మంజూరు చేశారు.

ఇక మిగిలింది విమోచన ఘట్టం. మైకు కట్టిన ఆటో ఊరంతా తిరిగింది. ఆదివారం కొండ కింద సభ. ఛైర్మన్ గారి పక్కన ఫ్రెంచి సేనాపతి కూర్చున్నాడు. ఆయన అసలు శానిటరీ ఇన్‌స్పెక్టరు. నీలం కోటు, ఈకల టోపీ పెట్టుకుని చెమటలో తడిసిపోతున్నాడు. వెనక జేసీబీ ఒకటి ఫ్రెంచి జెండాతో సిద్ధంగా నిలబడింది.

జ్ఞానప్రకాశం గారు లేచి ఆదేశం చదివారు. "కొండ ప్రాంతమందలి సమస్త కట్టడములు నేటి సాయంకాలము కూల్చివేయబడును. పౌరులు స్వచ్ఛందముగా విమోచన మూల్యము చెల్లించి విడిపించుకొను రెండు కట్టడములకు మాత్రము మినహాయింపు కలదు. కొండ ప్రాంతమందలి కట్టడములు: ఒకటి, గడియారస్తంభము. రెండు, గంటస్తంభము అనబడు మంచినీటి ట్యాంకు. మూడు, సౌభాగ్యమ్మ మెస్సు."

మెస్సు పేరు అప్పటికే తొలగింపు జాబితాలో ఉంది కాబట్టి గుమాస్తా దాన్నీ చేర్చాడు. ఎవరూ పట్టించుకోలేదు. వెనక వరసలో ముక్కు చీదుకుంటున్న సౌభాగ్యమ్మ తలెత్తింది.

"అయ్యా! ఆ రెండూ ఏవన్నది ఎవరు చెప్పాల?"

"పౌరులమ్మా. పౌరుల స్వేచ్ఛే ఈ చరిత్రకి ఆత్మ," అన్నారు కమిషనర్ మైకులో, తన మాటకి తానే పరవశిస్తూ.

"మేం పౌరులమేనా?"

"నిస్సందేహంగా!"

హమాలీ మేస్త్రీ బాజీ చేతి తుండు భుజాన వేసుకుని లేచాడు. వేదిక ముందు రెండు హుండీలు పెట్టి ఉన్నాయి. ఒకదాని మీద గడియారం బొమ్మ, ఇంకోదాని మీద గంట బొమ్మ. బాజీ గంట హుండీలో నోటు వేశాడు.

"ట్యాంకు ఉండాల. నీళ్ళు కావాల గదా." గడియారం హుండీ దగ్గరికొచ్చి దాని మీది బొమ్మని చింపేసి పక్కన పడేశాడు. "ఇది సౌభాగ్యమ్మక్క మెస్సు హుండీ. ఏం రా, నిలబడి చూస్తన్నారేంది? మీ కడుపులో పడ్డ మెతుకు ఎక్కడిది?"

హమాలీలు కదిలారు. వాళ్ళ వెనక డ్రైవర్లు, కూరగాయలమ్మే ఆడవాళ్ళు, ఆసుపత్రి నర్సులు, బడి మాస్టార్లు. గడియారం వల్ల ఎవరికి ఎంత ఒళ్ళు మండిందో అంత గట్టిగా హుండీలో చెయ్యి దూర్చారు. మెస్సులో ఒక్కపూటైనా తినని వాళ్ళు కూడా వేశారు. కోటిలింగం నోరు తెరుచుకుని నిలబడ్డాడు. సౌభాగ్యమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. చారు పల్చగా ఉందని రోజూ సతాయించే వాళ్ళు, అప్పుడప్పుడూ తను గరిటె చూపించి బయటికి తరిమిన వాళ్ళు, వాళ్ళే. ఆమె ఒక్కరి మొహమూ సూటిగా చూడలేకపోయింది.

ఛైర్మన్ గారి మొహం నల్లబడింది. "ఏమండీ, ఇదేంటి? స్తంభం నా పేరు మీద ఉంది! శిలాఫలకం ఉంది! ఆపించండి!"

కమిషనర్ గొంతు తగ్గించారు. "కౌన్సిల్ తీర్మానం సార్. ఏకగ్రీవం. పైగా మీరే ప్రతిపాదించారు."

"రద్దు చేస్తున్నానని చెప్పండి!"

"గ్రాట్స్‌లో ఫ్రెంచివాళ్ళు రద్దు చేసిన దాఖలా లేదు సార్. చరిత్రని మార్చే అధికారం పురపాలక చట్టంలో నాకు లేదు."

"అయితే సేనాపతిని ఆగమనండి."

సేనాపతి వినే స్థితిలో లేడు. ఆ కోటు విప్పాలంటే పని పూర్తి కావాలి. ఆయన ఈకల టోపీ ఊపి గట్టిగా కేకేశాడు. జేసీబీ బోడికొండ ఎక్కింది. తారుమారు ముళ్ళతో సహా గడియారస్తంభం ఒక పక్కకి ఒరిగి, కాసేపు ఆలోచించినట్టు ఆగి, పెద్ద దుమ్ముతో కూలిపోయింది. ఊరు ఈలలు వేసింది. గ్రాట్స్ జనం ఇంత సంబరపడి ఉండరని కమిషనర్ గారు నివేదికలో రాశారు.

ఛైర్మన్ గారు ఆ దుమ్ములో ఒక్కరే కుర్చీలో మిగిలారు. సౌభాగ్యమ్మకి ఎందుకో ఆయన్ని చూస్తే జాలేసింది. కోటిలింగం చేత ఒక గ్లాసుడు మజ్జిగ పంపించింది. ఆయన తాగి, గ్లాసు తిరిగిచ్చి కారెక్కారు.

మర్నాడు పొయ్యి ముట్టించబోతుంటే జ్ఞానప్రకాశం గారు బోర్డు ఒకటి మోయించుకుని వచ్చారు. 'చారిత్రక కట్టడము. పౌరులచే విమోచన గావింపబడినది.'

"అమ్మా, ఆపు! ఇకమీదట ఇందులో పొయ్యి వెలిగించరాదు. చారిత్రక కట్టడానికి పొగ తగలకూడదు."

సౌభాగ్యమ్మ అగ్గిపుల్ల చేతిలోనే పట్టుకుని ఆయన వంక చూసింది. "అయ్యా, ఒక్క మాట అడుగుతా. నిన్న జనం డబ్బులేసి విడిపించుకుంది ఈ గోడల్నా, నా అన్నాన్నా?"

జ్ఞానప్రకాశం గారు నియమావళి తిరగేశారు. ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ చూశారు. కళ్ళజోడు తుడుచుకుని, మెల్లగా అన్నారు.

"కంటికి కనబడని వారసత్వం అని ఒక విభాగం ఉంది. దాని కింద నీ చారునీ, పులుసునీ నమోదు చేస్తాను. అప్పుడు పొయ్యి వెలిగించక తప్పదు. కాని గుర్తుంచుకో. వారసత్వం అన్నాక రుచి మారకూడదు. ఉప్పూ పులుపూ కారమూ నిన్న ఉన్నట్టే శాశ్వతంగా ఉండాలి. చిటికెడు అటూ ఇటూ చెయ్యాలన్నా ముందుగా దరఖాస్తు పెట్టి, కౌన్సిల్ అనుమతి తీసుకోవాలి."

"అట్లాగే కానియ్యండయ్యా," అంది సౌభాగ్యమ్మ. పుల్ల గీసింది.

మధ్యాహ్నానికి బల్లలన్నీ నిండాయి. తనిఖీలో అలసిపోయిన జ్ఞానప్రకాశం గారు కూడా ఒక మూల విస్తరి ముందు కూర్చున్నారు. కోటిలింగం అన్నం పెట్టి చారు పోశాడు. ఆయన కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఆగి, అటూ ఇటూ చూశారు.

"ఏమ్మా, కాస్త ఉప్పు తగ్గినట్టుంది. కొంచెం వెయ్యి."

సౌభాగ్యమ్మ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు.

"దరఖాస్తు పెట్టుకోండయ్యా," అంది.